తలూపితే చాలు

"మాట్లాడక్కర్లేదమ్మా. ఊరికే తలూపితే చాలు" అని పెద్దోడు మళ్ళీ అన్నాడు.

మైకమ్మ తల ఎత్తలేదు. వరద నీళ్ళకు ఉబ్బిపోయిన బీరువా తలుపును పాత గరిటెతో గీకుతూ కూర్చుంది. ఎండిన బురద పెచ్చులు పెచ్చులుగా గచ్చు మీద రాలుతోంది.

"వింటున్నావా?"

గరిటె చప్పుడు ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ మొదలైంది.

కుట్టుమిషను ముందు కూర్చున్న అత్తగారు ఈ వరస అంతా చూస్తూనే ఉంది. చేతులు మిషనుకు నూనె పోస్తున్నాయి గానీ చెవులు రెండూ పెద్దకొడుకు దగ్గరే ఉన్నాయి. వాడు వరద హెచ్చరికలు పంపే సర్కారు ఆఫీసులో పెద్దసారు కింద గుమాస్తా. గుట్ట వైపు వేరు కాపురం. ఆ ఇంటి గడప కూడా తడవలేదు. తమ్ముడి ఇల్లు మునిగాక వాడు ఈ గుమ్మం తొక్కడం ఇదే మొదలు, అదీ నలగని ఇస్త్రీ చొక్కాతో. ఊళ్ళో ఇస్త్రీ చేసే మనిషి తమ వంటింట్లో తలదాచుకుని ఉంటే, వీడి చొక్కా ఎవరు చేసిపెట్టారో ఆవిడకు అర్థం కాలేదు.

"మధ్యాహ్నం బస్టాండులో సభ. మంత్రిగారు వస్తున్నారు" అన్నాడు పెద్దోడు, ఈసారి తల్లి వైపు తిరిగి. "స్టేజీ మీద పెద్దసారే అంతా చెబుతారు. ఆఫీసు నుంచి టైముకి ఆర్డరు వచ్చింది, మా మైకమ్మ చదివింది, ఊరంతటికీ హెచ్చరిక అందింది, విన్నవాళ్ళు బతికారు. 'అంతే కదమ్మా?' అంటారు. ఈ పిల్ల తలూపుతుంది. సన్మానం అయిపోతుంది. గొంతు పోయిందని అందరికీ తెలుసు కాబట్టి మాట్లాడమని ఎవరూ అడగరు. ఒకరకంగా కలిసొచ్చింది."

"గొంతు పోవడం కలిసొచ్చిందట్రా నీకు?"

"అబ్బా, నేనన్నది అది కాదమ్మా. తమ్ముడి ఉద్యోగం సంగతి ఆలోచించు. ఆర్డరు లేకుండా బస్సు తీశాడని, తీసి ముంచాడని కదా వాణ్ణి పక్కన పెట్టారు? ఆర్డరు ఉందని తేలితే వాడి తప్పేం ఉంది? సాయంత్రానికల్లా డ్యూటీలో ఉంటాడు. ఒక్క తలూపు."

కొంప మునిగిందిరా అనడం అత్తగారికి ఊతపదం. పాలు పొంగినా, దారం తెగినా కొంప మునగాల్సిందే. ఇప్పుడు నిజంగా మునిగాక ఆ మాట నోటిదాకా వచ్చి ఆగిపోతోంది.

కోడలి వైపు చూసింది. పెళ్ళయి వచ్చిన రోజు నుంచీ ఈ పిల్ల గొంతుతో ఆవిడకు పేచీయే. బస్టాండు మైకులో రోజంతా బస్సులు పిలిచి ఇంటికొచ్చి కూడా అదే ధోరణి. "అత్తయ్యా, భోజనం సిద్ధంగా ఉన్నది" అనేది. "భోజనం ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందే?" అని ఆవిడ ఎద్దేవా చేసేది. మైకమ్మ అన్న పేరు పెట్టింది కూడా ఆవిడే. అది కాస్తా ఊరికి అంటుకుంది.

ఆ గొంతు ఇప్పుడు లేదు. ఉన్నంతసేపూ విసుక్కున్న మనిషికి ఈ నిశ్శబ్దం చెవుల్లో హోరు పెడుతోంది.

ఆ రోజు ఏం జరిగిందో ఊళ్ళో పిల్లాణ్ణి అడిగినా చెబుతాడు. వాన పడుతూనే ఉంది. ఆఫీసు నుంచి బస్టాండుకు ఫోన్లో ఒక వాక్యం వచ్చింది. 'నీటిమట్టం పెరిగే అవకాశమున్నందున ప్రజలు అప్రమత్తంగా ఉండవలసిందిగా కోరడమైనది.' మైకమ్మ దాన్ని చెప్పింది చెప్పినట్టు చదివింది. ఏ ప్రకటననైనా రెండుసార్లు చదవాలన్నది బస్టాండు పద్ధతి. రెండోసారీ చదివింది. ఒక్కడు కదిలితే ఒట్టు. ఏటేటా వినే మాటే కదా అని టీ తాగేవాళ్ళు టీ తాగుతూనే ఉన్నారు.

పైన గదిలో ఉన్న మైకమ్మకు కిటికీలోంచి ప్రహరీగోడ వెనక నది కనబడింది. బస్సు చక్రాల కిందికి వచ్చేస్తున్న ఎర్రనీళ్ళు కనబడ్డాయి. మళ్ళీ ఫోను చేసింది. ఎవరూ ఎత్తలేదు. ఇక ఆ పిల్ల తనకు వచ్చిన భాషలోనే చెప్పింది.

'దయచేసి గమనించండి. గుట్ట మీది బడికి వెళ్ళు బస్సు ఒకటో నంబరు ప్లాట్‌ఫారం నుంచి బయలుదేరుటకు సిద్ధంగా ఉన్నది. ఇదే చివరి బస్సు.'

అలాంటి బస్సు లేదు. బడికి బస్సు ఏనాడూ లేదు. కానీ చివరి బస్సు అన్న మాట వినపడ్డాక, అది ఎక్కడికి పోతుందని అడిగే తీరిక ఎవరికుంటుంది? టీ గ్లాసులు అక్కడే వదిలేసి జనం పరిగెత్తారు. బస్టాండు చుట్టుపక్కల వీధుల్లో విన్నవాళ్ళు పిల్లల్ని చంకనేసుకుని వచ్చారు. ఇక డ్రైవర్లంటారా, మైకులో వచ్చిందంటే డిపో పంపిందనే లెక్క వాళ్ళకు. ఒకటో నంబరు మీదున్న ముసలి డ్రైవరు, నాకెవరూ చెప్పలేదేంటబ్బా అనుకుంటూనే ఇంజను స్టార్టు చేశాడు. ఆ పొరపాటు లెక్క వల్లే ఊరు బతికింది.

ఆ బస్సు కదలగానే రెండో నంబరు నుంచి మరో చివరి బస్సు సిద్ధమయింది. ఆ తర్వాత మూడో నంబరు. వెళ్ళిన బస్సులు తిరిగి వచ్చాయి, మళ్ళీ చివరి బస్సులయ్యాయి. పొద్దు గుంకేదాకా ఆ ఊళ్ళో చివరి బస్సు వెళుతూనే ఉంది. నీళ్ళు మేడమెట్లు ఎక్కేదాకా, గొంతు చీలిపోయి గాలి మాత్రమే వచ్చేదాకా ఆ పిల్ల కుర్చీ దిగలేదు. చివరికి మొగుడే వచ్చి భుజాన వేసుకుని దించాడు. పెళ్ళాన్ని గుట్ట ఎక్కించి, ఇంకెవరన్నా ఉన్నారేమోనని వాడు మళ్ళీ వెనక్కి వెళ్ళాడు. ఆ ట్రిప్పులోనే బస్సు వంతెన దగ్గర మునిగింది. బస్సులో వాడు తప్ప ఎవరూ లేరు, ఈదుకొచ్చాడు.

అది తలుచుకున్నప్పుడల్లా అత్తగారికి గర్వంతో ఒళ్ళు పొంగుతుంది. ఆ మాట ఇంతవరకు కోడలితో అనలేదు. ఎలా అనాలో ఆవిడకు చేతకాలేదు.

"సరే" అంది మిషను చక్రం ఆపి. "ఊరంతటికీ హెచ్చరిక అందిందన్నావు. తూము కింది వీధికి కూడానా?"

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది.

పెద్దోడు గొంతు తగ్గించాడు. "అందినట్టేనమ్మా."

"అందినట్టే అంటే?"

"అంటే... అందించే ఏర్పాటు ఉంది కదా."

"బస్టాండు మైకు అక్కడికి వినపడదు. మధ్యలో రైలు కట్ట అడ్డం. అందుకే వాళ్ళకు వేరే మైకు వ్యాను వస్తుందన్నారు. పోయిన నెల వచ్చి రిహార్సల్ కూడా చేయించి వెళ్ళారు. వ్యాను వచ్చేదాకా కదలొద్దు, తొక్కిసలాట అవుతుంది అని చెప్పింది మీ ఆఫీసు వాళ్ళే. ఆ వ్యాను వెళ్ళిందా?"

"బయలుదేరడానికి రెడీగానే ఉంది."

"ఎక్కడ?"

"ఆఫీసు ఆవరణలో."

"మరి తీయలేదేం?"

"ఆర్డరు ఇవ్వాల్సింది పెద్దసారు. ఆయన పై ఊళ్ళో మీటింగులో ఉన్నారు. ఫోను బయట పెట్టించి లోపలికి పంపారట."

"ఏం మీటింగురా అంత గొప్పది?"

పెద్దోడు నీళ్ళు నమిలాడు. "వరద మీదే."

ఇంకో రోజయితే అత్తగారు పడీపడీ నవ్వేది. ఇవాళ నవ్వు రాలేదు. కొడుకు చొక్కా జేబు వైపు, ఆ జేబు మీదికి ఊరికే వెళ్ళి వస్తున్న వాడి చేతి వైపు చూసింది. కన్నతల్లి కదా, ఆ చెయ్యి ఆవిడకు తెలుసు. చిన్నప్పుడు ఏదన్నా దాచుకుంటే ఇలాగే తడుముకునేవాడు.

"ఆ రోజు వ్యాను తాళం ఎవరి దగ్గరుందిరా?"

పెద్దోడి చెయ్యి మళ్ళీ జేబు మీదికి వెళ్ళింది.

"నిన్నే అడిగేది."

"నా సొరుగులో" అన్నాడు పెద్దోడు. తర్వాత ఒక్కసారిగా గొంతు పెంచాడు. "ఏం చెయ్యమంటావమ్మా? ఆర్డరు లేకుండా తీస్తే నా ఉద్యోగం ఉంటుందా? పది నిమిషాలకోసారి సొరుగు తెరిచి చూశాను. ఫోను పక్కనే కూర్చున్నాను. మోగుతుందేమోనని బాత్రూముకి కూడా వెళ్ళలేదు. తెలుసా నీకు?"

మైకమ్మ చేతిలోని గరిటె కింద పెట్టింది. బావగారి వైపు మొదటిసారి చూసింది. ఆ చూపులో కోపం లేదు. అదే వాడు తట్టుకోలేకపోయాడు.

వంటింటి గుమ్మంలో ఇస్త్రీ ఆవిడ నిలబడి ఉంది. చీరకొంగుతో చేతులు తుడుచుకుంటోంది, తడి ఎప్పుడో ఆరిపోయినా.

తూము కింది వీధిలో ఆవిడ మొగుణ్ణి రూల్సు అనేవారు. క్యూలో ముందుకు తోసినా పోయేవాడు కాదు. ఖాళీ రోడ్డు మీద కూడా ఎర్రలైటు చూసి సైకిలు ఆపేవాడు. రిహార్సల్ నాడు ఆఫీసు వాళ్ళు వాడికే ఒక విజిల్ ఇచ్చి, ఈ వీధి బాధ్యత నీదే అన్నారు. నీళ్ళు వచ్చిన రోజు వాడు విజిల్ మెడలో వేసుకుని వీధి మొదట్లో నిలబడ్డాడు. కంగారుపడి బయల్దేరిన వాళ్ళను ఆపాడు. వ్యాను వస్తుంది, చెప్పారు కదా, ఆగండి అన్నాడు. వ్యాను రాలేదు. ఆగినవాళ్ళలో కొందరు లేరు. వాడూ లేడు.

"బాబూ" అంది ఇస్త్రీ ఆవిడ. "విన్నవాళ్ళు బతికారు అని చెబుతారా మీ సారు?"

పెద్దోడు తలదించుకున్నాడు.

"అంటే మా ఆయన విననివాడా?"

"ఎవరి పేరూ చెప్పరమ్మా. ఊరికే పొడిగా..."

"ఆయన జీవితంలో చెప్పింది వినకపోవడమంటూ లేదు బాబూ. వినే పోయాడు." గొంతు పెంచలేదు. ఇస్త్రీ మడత విప్పినట్టు మాట తర్వాత మాట నెమ్మదిగా చెప్పింది. "వీధిలో వాళ్ళు నన్ను చూస్తే మొహం తిప్పుకుంటున్నారు. నీ మొగుడే ఆపాడు మమ్మల్ని అంటున్నారు. అదీ నిజమే. ఎవరు ఆపమన్నారో కూడా ఒకరు చెబుతారేమో అని ఎదురుచూస్తున్నాను. అంతే."

బయట ఎవరో బురద ఎత్తిపోస్తున్న పార చప్పుడు వినిపించింది.

అప్పుడే చిన్నోడు లోపలికొచ్చాడు. డిపో చుట్టూ తిరిగి వస్తున్నట్టు మొహమే చెబుతోంది. అన్న చొక్కానూ, అమ్మ మొహాన్నీ, గుమ్మంలో నిలబడ్డ మనిషినీ చూసి విషయం గ్రహించాడు. డిపోలోనూ అదే చెప్పి ఉంటారు.

గచ్చు మీద పెళ్ళాం పక్కన కూలబడ్డాడు.

"నేనేమీ అనను" అన్నాడు. "నీ గొంతు వినే ఆ రోజు బస్సు తీశాను. డిపో ఆర్డరు అనుకుని తీశానని అందరూ అంటారు. మిగతావాళ్ళ సంగతేమో గానీ నాకు తెలుసు, అది నువ్వు సొంతంగా చెబుతున్నావని. ఆర్డరు చదివేటప్పుడు నీ గొంతు అట్లా వణకదు." కాసేపు తన అరచేతుల వైపు చూసుకున్నాడు. "కానీ స్టీరింగ్ లేకపోతే ఈ చేతుల్ని ఏం చేసుకోవాలో తెలీట్లేదే. పొద్దున్న నీళ్ళసీసా మూత తిప్పుతూ గేరు మార్చాను."

మైకమ్మ నవ్వింది. కళ్ళ నుంచి నీళ్ళు కారుతుండగానే నవ్వింది. మొగుడి చెయ్యి పట్టుకుని, గాలి లాంటి గొంతుతో బావగారి వైపు తిరిగి ఒక్క మాట అంది.

"వస్తాను."

పెద్దోడు ఊపిరి పీల్చుకున్నాడు. చిన్నోడు కళ్ళు మూసుకున్నాడు. ఇస్త్రీ ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది.

అత్తగారు తప్పు పట్టలేదు. మొగుడి కోసం ఏ ఆడపిల్లయినా తలూపుతుంది, తనయినా ఊపేది. అయినా ఈ పిల్ల ఊపదని ఎందుకనుకుంది? అనుకున్నందుకు తన మీద తనకే కోపం వచ్చింది.

బయల్దేరే వేళకు కోడలి నీలం యూనిఫాం కోసం వెతుకుతుంటే అది వంటింట్లో కనబడింది. ఇస్త్రీ ఆవిడ పొరుగింటి నుంచి పెట్టె అడిగి తెచ్చి, దుప్పటి మడత మీద పరిచి, కాలరు నుంచి అంచు దాకా నిదానంగా ఇస్త్రీ చేస్తోంది. బురద మరక పూర్తిగా పోలేదు. ఆ మరకను లోపలికి వచ్చేలా మడత తిప్పింది.

"నలిగిన బట్టలతో స్టేజీ ఎక్కకూడదు వదినా" అంది, మైకమ్మకు అందిస్తూ. ఆవిడ మొహంలోకి మాత్రం చూడలేదు.

బస్టాండు స్తంభాల మీద నీళ్ళు నిలిచిన చార ఇంకా మనిషి ఎత్తున ఉంది. కింద కొత్త సున్నం వేశారు గానీ అంత పైకి చెయ్యి అందలేదో, టైము చాల్లేదో. ఒకటో నంబరు ప్లాట్‌ఫారం మీద స్టేజీ కట్టారు. కుర్చీలు, పూలు, పెద్దవాళ్ళు. సభ కోసం మైకులన్నీ కొత్తవి పెట్టించి, పైన మైకమ్మ గదిలోంచే కలిపారు. రైలు కట్ట అవతలికి కూడా వినబడాలని కట్ట మీద రెండు మైకులు బిగించారట. మంత్రిగారి మాట అందరికీ అందాలి కదా. ఇంత సులువైన పని అని ఎవరికి తెలుసు?

డ్రైవర్లంతా గోడవారగా నిలబడి ఉన్నారు. మైకమ్మ నడిచి వస్తుంటే ఎవరూ చెప్పకుండానే దారి ఇచ్చారు. ముసలి డ్రైవరు టోపీ తీసి, "ఇవాళ చివరి బస్సు ఎన్నింటికమ్మా?" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ నవ్వులో ఉన్న గౌరవం అత్తగారి కంట పడింది. వీళ్ళందరి ముందూ ఈ పిల్ల తలూపుతుందా?

పెద్దసారు చెప్పడం మొదలుపెట్టారు. చక్కటి గొంతు, చక్కటి మాటలు. సకాలంలో ఆదేశాలు, సమన్వయం, యంత్రాంగం. "విన్నవారు క్షేమంగా బయటపడ్డారు. దురదృష్టవశాత్తూ చెప్పినా వినని కొందరు..."

అత్తగారు చటుక్కున స్టేజీ మీదికి చూసింది. మైకమ్మ కుర్చీలో పూలగుత్తి మాత్రమే ఉంది.

"అంతే కదమ్మా?" అంటూ పెద్దసారు పక్కకు తిరిగారు. పూలగుత్తికి చెప్పినట్టయింది.

అత్తగారు అప్పటికే లేచింది. మోకాళ్ళ నొప్పి సంగతి మర్చిపోయి జనంలోంచి దారి చేసుకుంటూ మేడమెట్ల వైపు వెళ్ళింది. సగం మెట్లెక్కేసరికి బస్టాండంతా రోజూ వినే గంట టింగుమని మోగింది. స్టేజీ మీది మైకు చచ్చిపోయింది.

"దయచేసి... గమనించండి."

అది గొంతు కాదు, గొంతు మిగిల్చిన పీలిక. ఒక్కో మాటకూ ఆగి ఊపిరి తెచ్చుకుంటోంది. అయినా ఊరు ఆ గొంతును గుర్తుపట్టింది. టీ కొట్టు వాడు చేతిలోని గ్లాసు దించాడు.

"తూము కింది వీధికి... వెళ్ళవలసిన మైకు వ్యాను... ఆఫీసు నుంచి... ఇంకా బయలుదేరలేదు."

రైలు కట్ట మీది మైకుల్లోంచి అదే మాట కాస్త ఆలస్యంగా అవతలి వీధికి చేరింది.

"ప్రయాణికులు... చెప్పిన చోటే... చెప్పినట్టే... వేచి ఉన్నారు."

అత్తగారు పైమెట్టు మీద నిలబడిపోయింది. గది తలుపు లోపలి నుంచి గడియ వేసి ఉంది. నా తల్లే, నా తల్లే అనుకుంది. ఇన్నేళ్ళకు ఆ మాట వచ్చింది, అది కూడా లోపలికే.

కింది నుంచి పెద్దోడు రొప్పుతూ ఎక్కి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా చెమటకు తడిసి వీపుకు అంటుకుపోయింది.

"అమ్మా, తప్పుకో. తలుపు తీయించాలి."

ఆవిడ తలుపుకు వీపు ఆనించి మెట్టు మీద కూర్చుంది. "నా కోడలు మాట్లాడుతోంది. అయ్యాక రా."

"అర్థం చేసుకోమ్మా! తమ్ముడి ఉద్యోగం, నా ఉద్యోగం..."

"నువ్వు ఫోను పక్కన కూర్చున్నావు కదరా ఆ రోజు? ఇవాళ ఇక్కడ కూర్చో నా పక్కన. ఆర్డరు వచ్చేదాకా."

కింద పెద్దసారు ఎవరినో కేకలేస్తున్నారు. కరెంటు తీసేయండి, మెట్ల కింద మెయిన్ స్విచ్ ఉంది, తీసేయండి అంటున్నారు.

ఏ ప్రకటననైనా రెండుసార్లు చెప్పాలి. కోడలు ఒకసారే చెప్పింది. తలుపు అవతల ఊపిరి కూడదీసుకుంటున్న చప్పుడు అత్తగారి వీపుకు తెలుస్తోంది.

కమ్మీ పట్టుకుని కిందికి వంగి చూసింది. మెయిన్ పెట్టె తలుపు తెరిచి ఉంది. దాని ముందు చిన్నోడు నిలబడ్డాడు. డ్రైవర్లు కొందరు, ఆఫీసు మనుషులు కొందరు వాడి చుట్టూ మూగారు. వాడి కుడిచెయ్యి మీట మీద ఉంది, గేరు మీద ఆన్చినట్టు.

ఎవరినీ దాని మీద చెయ్యి వెయ్యనివ్వకుండా పట్టుకున్నాడో, తానే దించబోతున్నాడో ఆవిడకు తెలియలేదు.

"ఒరేయ్ చిన్నోడా" అని పిలిచింది.

వాడు తలెత్తి అమ్మ వైపు చూశాడు. పైన మైకులో గంట రెండోసారి మోగింది.